పన్నెండడుగుల దూరం

ఈ శీర్షికలో మామూలుగా కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ల గురించో, ఫోన్ల గురించో, కంప్యూటర్లో తెలుగు రాసుకోవడం గురించో ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈసారి ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా దానంతటది బాగుపడని సంగతి ఒకటి చెప్పుకుందాం. అదేమిటంటే, ఆఫీసులో ఒకరి మాట ఇంకొకరికి చేరడం.

"ఇదేం టెక్నాలజీ విషయమండీ?" అని మీరు అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎమ్మెస్ చదివేటప్పుడు నెట్‌వర్కుల పాఠంలో ఒక ముక్క బాగా బట్టీ పట్టాను. రెండు కంప్యూటర్లు నమ్మకంగా మాట్లాడుకోవాలంటే, అవతలిది "అందింది" అని జవాబు పంపేదాకా ఇవతలిది పని అయిందనుకోదు. జవాబు రాకపోతే కాసేపు చూసి మళ్ళీ పంపుతుంది. ఇంటర్నెట్ మొత్తం ఈ అనుమానం మీదే నడుస్తోంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, మనుషుల దగ్గరికి వచ్చేసరికి "చెప్పాను కదా!" అంటే చాలనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత దూరం తీసుకెళ్ళిందో చెబుతాను.

నేను ఈ దేశానికి వచ్చిన మూడో ఏడు. డాలస్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కన్సల్టెంటుగా పని. మా జట్టులో తొమ్మిది మందిమి: ఇక్కడ నలుగురం, హైదరాబాదులో అయిదుగురు. మా ప్రోగ్రాము ప్రతి రాత్రీ ఆరోజు డబ్బు కట్టిన పాలసీదారుల వివరాలు ఒక ఫైలులో రాసి పెడుతుంది. ఆ ఫైలుని చదివి ఎవరి ఖాతాలో ఎంత జమ వెయ్యాలో చూసే ప్రోగ్రాము వేరే ఉంది. అది మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే పాతకాలపు కోబాల్ ప్రోగ్రాము. దాన్ని చూసుకునే ఆవిడకి అరవై దగ్గర పడ్డాయి. నా క్యూబికల్ పక్క వరసలోనే కూర్చునేది.

ఆ కంపెనీకి లండన్లో ఒక చిన్న ఆఫీసు ఉండేది. వాళ్ళకి వెళ్ళే రిపోర్టులో తేదీలు అమెరికా పద్ధతిలో, అంటే ముందు నెల తర్వాత రోజు, ఉంటున్నాయనీ, తమ పద్ధతిలో ముందు రోజు పెట్టి ఇమ్మనీ అడిగారు. న్యాయమే కదా, మన పద్ధతీ అదే. ఫిబ్రవరి ఆఖర్లో ఒక రాత్రి తొమ్మిదింటికి మా హైదరాబాద్ లీడ్‌కి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర. అతను కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు.

"గురూ, తేదీల్లో రోజు ముందుకి తెచ్చెయ్యి, లండన్ వాళ్ళు గొడవ పెడుతున్నారు" అన్నాను.

"సరే బాస్, చిన్న పనేగా, ఈ వారంలో అయిపోద్ది" అన్నాడు.

అంతే. ఇద్దరం తెలుగువాళ్ళం, ఇద్దరం పని తెలిసినవాళ్ళం, ఒక్క నిమిషంలో తేల్చేశాం. మెయిల్ ఎందుకు, మీటింగ్ ఎందుకు అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

నా ఉద్దేశం: ఆ ఒక్క రిపోర్టులో మార్చమని. అతనికి అర్థమైంది: తేదీలన్నీ మార్చమని. మా ప్రోగ్రాములో తేదీ రాసే పనిని ఒకే ఫంక్షన్ చేస్తుంది. అతను దాన్ని మార్చాడు. దాంతో లండన్ రిపోర్టుతో పాటు, రాత్రి ఫైలు కూడా మారిపోయింది. టెస్ట్ చెయ్యలేదా అంటారా? చేశారు. మార్చి 3న చేశారు! 03/03ని ఎటు నుంచి చదివినా ఒకటే. అన్నీ పచ్చగా పాసయ్యాయి.

మార్చి 31 రాత్రి ఆ మార్పు లైవ్‌లోకి వెళ్ళింది. ఇక్కణ్ణించి జరిగింది కాస్త జాగ్రత్తగా వినండి, సరదాగా ఉంటుంది (ఇప్పుడు, అప్పుడు కాదు).

ఏప్రిల్ 1న కట్టిన డబ్బు ఫైలులో 01/04 అని పడింది. ఆవిడ ప్రోగ్రాము దాన్ని జనవరి 4 అని చదివింది. జనవరి లెక్కలు ఎప్పుడో మూసేశారు కాబట్టి ఆ డబ్బుని సస్పెన్స్ ఖాతాలో పడేసింది. రెండో తారీఖు ఫిబ్రవరి 4 అయింది, మూడో తారీఖు మార్చి 4 అయింది. అవీ సస్పెన్సులోకే. నాలుగో తారీఖున 04/04. అన్నీ సవ్యంగా ఉన్నాయి! అయిదో తారీఖు మే 4 అయింది. రాబోయే తేదీ వేసిన చెల్లింపు కనబడితే ఆ రోజు వచ్చేదాకా పక్కన పెట్టడం ఆ ప్రోగ్రాము అలవాటు. కాబట్టి అయిదు నుంచి పన్నెండు దాకా వచ్చిన డబ్బంతా చడీచప్పుడూ లేకుండా పక్కన కూర్చుంది. ఎక్కడా ఎర్రర్ రాలేదు. పదమూడో తారీఖు రాత్రి 13/04 వచ్చింది. పదమూడో నెల అనేది లేదు కదా, జాబ్ ఢామ్మని ఆగిపోయింది. రాత్రి రెండూ ఇరవైకి నా ఫోన్ మోగింది.

కారణం కనిపెట్టడానికి పావుగంట పట్టింది. కానీ అప్పటికే, సకాలంలో డబ్బు కట్టిన కొన్ని వందలమందికి "మీరు డబ్బు కట్టలేదు, పాలసీ రద్దవుతుంది" అని ఉత్తరాలు వెళ్ళిపోయాయి. వాళ్ళలో ఆపరేషన్‌కి రోజు పెట్టుకున్న ఒక పెద్దావిడ కూడా ఉంది. ఆవిడ కొడుకు కాల్ సెంటర్‌తో మాట్లాడిన రికార్డింగ్ మా అందరికీ వినిపించారు. అరవలేదు. "మా అమ్మ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యంగా కట్టలేదు" అని నాలుగైదుసార్లు మెల్లగా అన్నాడు. నా కాంట్రాక్టు ఏమవుతుందో, దాంతో పాటు వీసా ఏమవుతుందో అని అప్పటిదాకా భయపడుతూ ఉన్న నేను, అది విన్నాక ఆ భయం పడటానికి కూడా సిగ్గుపడ్డాను.

లెక్కలు సరిచెయ్యడానికి మూడు రాత్రులు పట్టింది. పక్క వరస ఆవిడ మూడు రాత్రులూ మాతోనే కూర్చుంది. రెండో రాత్రి కాఫీ కలుపుకుంటూ నాతో అన్న మాట ఇది: "నేను నీకు పన్నెండడుగుల దూరంలో కూర్చుంటాను. నువ్వు ఎనిమిది వేల మైళ్ళ అవతలికి ఫోన్ చేసి చెప్పావు." కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

ఇంకో సంగతి ఆ తర్వాత తెలిసింది. హైదరాబాద్ జట్టులో కొత్తగా చేరిన కుర్రాడొకడు, బొబ్బిలి వైపు వాడు, ఏప్రిల్ 3నే తేడా కనిపెట్టాడు. రాత్రి జాబ్ ఇక్కడ రెండింటికి పూర్తయితే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర కాబట్టి దాన్ని చూసే డ్యూటీ వాళ్ళది. రోజూ పదో పదిహేనో ఉండే సస్పెన్స్ లెక్క ఒక్కసారిగా వందల్లోకి వెళ్ళడం చూసి లీడ్‌కి చాట్‌లో రాశాడు: "అన్నా, సస్పెన్స్‌లో కౌంట్ కొంచెం ఎక్కువ ఉన్నట్టుంది. వీలైతే ఒకసారి చూస్తారా?"

లీడ్ అప్పుడు చెల్లెలి పెళ్ళయ్యాక అన్నవరంలో సత్యనారాయణ వ్రతం పీటల దగ్గర ఉన్నాడు. మెసేజ్ చూశాడు. "కొంచెం" అంటున్నాడు కదా అని వదిలేశాడు. ఏడో తారీఖున ఆఫీసుకి వచ్చి గుర్తు పెట్టుకుని మరీ చూశాడు. సస్పెన్స్ లెక్క మామూలుగా ఉంది! ఉంటుంది మరి, అయిదు నుంచి డబ్బు ఇంకోచోటికి పోతోంది కదా. "సర్దుకున్నట్టుందిలే" అన్నాడు. కుర్రాడు "ఓకే అన్నా" అన్నాడు.

ఆ కుర్రాణ్ణి తర్వాత నేనే అడిగాను, అంత తేడా కనిపిస్తే "కొంచెం" అని ఎందుకు రాశావు అని. "మీరందరూ పెద్దవాళ్ళు, తెలిసే చేసి ఉంటారనుకున్నానండి. నాదే తప్పయితే బాగోదని..." అన్నాడు. నేనేం మాట్లాడగలను? ఆ వయసులో నేనైనా అలాగే రాసేవాణ్ణి. మనం పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు చెడ్డ వార్తకి ముందు, వెనక ఒక మెత్తటి గుడ్డ చుట్టి ఇస్తాం. ఇంట్లో అది మర్యాద. పైగా ఇంట్లో ఎదురుగా మొహం కనబడుతుంది కాబట్టి గుడ్డ లోపల ఏముందో పెద్దవాళ్ళు కనిపెట్టేస్తారు. చాట్‌లో గుడ్డ ఒక్కటే చేరుతుంది. "చూస్తానండి" అంటే కాదని, "ట్రై చేస్తాను" అంటే ఆశ పెట్టుకోవద్దని, "ఆల్మోస్ట్ అయిపోయిందండి" అంటే ఇంకా సగం ఉందని మనకి తెలుసు. పక్క వరస ఆవిడకి తెలియదు. ఆవిడ ఆ మాటలని ఉన్నదున్నట్టు నమ్మి క్యాలెండర్లో రాసుకుంటుంది.

ఇలాంటి తప్పులు మనలాంటి చిన్నవాళ్ళే చేస్తారని అనుకోకండి. 1999 సెప్టెంబర్ 23న నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుణ్ణి చేరుతూ మాయమైపోయింది. నేలమీద ఉన్న సాఫ్ట్‌వేర్లలో ఒకటి రాకెట్ తోపుల లెక్కలని పౌండ్ల కొలతలో రాసింది, దాన్ని చదివిన ఇంకొకటి న్యూటన్ల కొలత అనుకుంది. రెండింటికీ మధ్య తేడా సుమారు 4.45 రెట్లు. దగ్గరగా వెళ్ళినప్పుడు 226 కిలోమీటర్ల ఎత్తున ఉండాల్సిన నౌక, 57 కిలోమీటర్లకి దిగిపోయిందని తర్వాత లెక్కగట్టారు. ఈ కథ చాలామందికి తెలుసు. ఎక్కువమందికి తెలియనిది ఏమిటంటే, దారి చూసే జట్టులో వాళ్ళకి లెక్కల్లో ఏదో తేడా ఉందని ముందే అనుమానం వచ్చింది. దాన్ని పద్ధతి ప్రకారం ఫారం నింపి పైకి పంపకుండా, వాళ్ళలో వాళ్ళు మామూలుగా మాట్లాడుకునీ మెయిళ్ళు రాసుకునీ ఊరుకున్నారు. దర్యాప్తు చేసిన బోర్డు కొలతల పొరపాటుతో పాటు దీన్ని కూడా వేలెత్తి చూపింది. మా బొబ్బిలి కుర్రాడు గుర్తుకొస్తున్నాడా?

సరే, ఇలాంటివి జరిగాక మామూలుగా ఏం చేస్తారు? మీటింగులు పెంచుతారు. మేమూ పెంచాం. తొమ్మిది మందీ రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి గంటసేపు కాల్‌లో ఉండాలన్నారు. రెండు వారాలకే అందరూ మ్యూట్‌లో పెట్టుకుని భోజనాలు చెయ్యడం మొదలుపెట్టారు. ఇంకొందరు ప్రతి మెయిల్‌కీ ఇరవైమందిని సీసీలో పెట్టడం మొదలుపెట్టారు. అందరికీ చెబితే ఎవరికీ చెప్పనట్టే. 1997 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్‌లో ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. సుమారు 13 వేలమంది ఉన్న ఒక మెయిల్ జాబితాలోంచి తన పేరు తీసెయ్యమని ఒకాయన అందరికీ రాస్తే, "నాదీ తీసెయ్యండి" అని మిగతావాళ్ళు అందరికీ జవాబులు రాసి మెయిల్ సర్వర్లని పడుకోబెట్టారు.

ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన పుస్తకంలో ఒక చిన్న లెక్క చెప్పారు. ఇద్దరున్న జట్టులో మాట్లాడుకునే దారి ఒక్కటే. అయిదుగురైతే పది. మా తొమ్మిదిమందికి ముప్ఫై ఆరు. ఇంకో ముగ్గుర్ని చేర్చుకుంటే అరవై ఆరు. ఇన్ని దారుల్లో ఎవరు ఎవరికి ఏం చెప్పారో ఎవరూ గుర్తు పెట్టుకోలేరు. అసలు చిక్కు మాటలు తక్కువ కావడం కాదు. మాట్లాడుకున్నప్పుడు అక్కడ లేనివాడికి ఆ మాట దొరికే చోటు లేకపోవడం.

ఈ ముక్క నాకు తట్టింది ఆఫీసులో కాదు, ఇంట్లో అన్నం తింటూ. మా వదిన పిల్లల ఆస్పత్రిలో రెసిడెన్సీ చేస్తుండేది. ఒక ఆదివారం వాళ్ళు మా ఇంటికి వస్తే నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. "మాకు రోజుకి రెండుసార్లు ఇదే గండం" అంది. రాత్రి డ్యూటీ డాక్టరు పొద్దున్న వచ్చే డాక్టరుకి పేషెంట్లని అప్పగించాలి. అందులో ఒక్క ముక్క జారినా ప్రాణం మీదికి వస్తుంది. దీనికోసం ఐ-పాస్ అని ఒక పద్ధతి ఉందట. పేషెంటు ఎంత ప్రమాదంలో ఉన్నాడో ముందు చెప్పాలి. తర్వాత క్లుప్తంగా కథ, తర్వాత చెయ్యాల్సిన పనులు, తర్వాత ఫలానాది జరిగితే ఏం చెయ్యాలో. ఇంతవరకూ బాగానే ఉంది, ఎవరైనా ఊహించగలరు. అయిదోది అసలుది: ఇదంతా విన్న డాక్టరు తనకి అర్థమైనది తన మాటల్లో తిరిగి చెప్పాలి. అది అయ్యాకే మొదటి డాక్టరు ఇంటికి వెళ్ళాలి.

నేను తర్వాత చదివి చూశాను. తొమ్మిది ఆస్పత్రుల్లో పదివేలకి పైగా అడ్మిషన్ల మీద ఈ పద్ధతిని పరీక్షించి 2014లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి. నివారించగలిగిన హాని 30 శాతం తగ్గింది. అప్పగింతకి పట్టే సమయం మాత్రం పెద్దగా పెరగలేదు, ఒక్కో పేషెంటుకి రెండున్నర నిమిషాల దగ్గరే ఉంది.

విన్నవాడు తిరిగి చెప్పడం! కంప్యూటర్లు చేసేదీ ఇదే కదా. కాకపోతే కంప్యూటరు "అందింది" అంటే సరిపోతుంది, మనిషి "అందింది" అంటే సరిపోదు. మా లీడ్ ఆ రాత్రి "సరే బాస్" అన్నాడు, అంటే అందినట్టే. ఏం అందిందో అడగాల్సింది నేను.

అప్పట్నించీ మా జట్టులో ఒక అలవాటు పెట్టుకున్నాం. ఫోన్‌లో గానీ, కాఫీ దగ్గర గానీ ఏదైనా నిర్ణయమైతే, అదే రోజు దాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయాలి. చెప్పినవాడు కాదు, విన్నవాడు రాయాలి. ఇది ముఖ్యం. చెప్పినవాడు రాస్తే తన తలలో ఉన్నదే మళ్ళీ రాస్తాడు. విన్నవాడు రాస్తేనే తేడా బయటపడుతుంది. లీడ్ ఆ ఉదయం ఆఫీసుకి చేరాక "రేపట్నించి అన్ని ఫైళ్ళలోనూ తేదీకి రోజు ముందు వస్తుంది" అని ఒక్క వాక్యం రాసి ఉంటే, నేను పళ్ళు తోముకుంటూ చూసినా కెవ్వుమని ఉండేవాణ్ణి.

ఆ వాక్యాలు చాట్‌లో కాదు, అందరూ చూడగలిగే ఒక పేజీలో ఉండాలి. చాట్ అనేది ప్రవహించే నీరు, మూడురోజుల తర్వాత వెతికితే ఎక్కడో కిందికి పోయి ఉంటుంది. మా పేజీలో నాలుగే గడులు: ఏం నిర్ణయించాం, ఎందుకు, దీనివల్ల ఇంకెవరి ప్రోగ్రాము కదులుతుంది, ఎవరు రాశారు. మైకేల్ నైగార్డ్ అనే ఇంజనీరు 2011లో ఇలాంటి నిర్ణయాల చిట్టా గురించి రాశాక చాలా కంపెనీలు దీన్ని పాటిస్తున్నాయి. మా పేజీలో మూడో గడి మాత్రం మా సొంత తెలివి, మూడు రాత్రుల జాగారంతో కొనుక్కున్నది. అది ఖాళీగా ఉంటే మార్పు లైవ్‌లోకి వెళ్ళదు. ఆ గడిలో పేరున్న మనిషి వచ్చి "చూశాను" అని రాయాలి. పక్క వరస ఆవిడ రిటైరయ్యేదాకా అందులో చాలాసార్లు "చూశాను, ఒప్పుకోను" అని రాసింది. ఎక్కువసార్లు ఆవిడదే రైటు.

చెడ్డ వార్తలకి వేరే పద్ధతి పెట్టాల్సి వచ్చింది. కుర్రాళ్ళకి "ధైర్యంగా చెప్పండి" అని ఉపన్యాసం ఇస్తే ధైర్యం రాదు. అందుకని వాళ్ళ మాటల్లో "కొంచెం", "ఉన్నట్టుంది", "వీలైతే" అనే మూడింటికి బదులు అంకెలు పెట్టమన్నాం. నిన్న ఎంత, ఇవాళ ఎంత. అభిప్రాయం అక్కర్లేదు. "ఎక్కువగా ఉన్నట్టుంది" అనడం పెద్దవాళ్ళని తప్పుపట్టినట్టు అనిపిస్తుంది గానీ, "నిన్న 12, ఇవాళ 340" అనడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. దాన్ని ఒక మనిషికి కాకుండా జట్టు మొత్తానికి పంపాలి, ఎందుకంటే ఆ ఒక్క మనిషి అన్నవరంలో ఉండవచ్చు. ఇంకా, రాతలో తేదీలన్నీ సంవత్సరం-నెల-రోజు వరసలోనే రాస్తాం. 1988 నుంచీ దానికి ఐఎస్ఓ 8601 అని అంతర్జాతీయ ప్రమాణం ఉండనే ఉంది, మేమే ఆలస్యంగా మేలుకున్నాం. "రేపు పొద్దున్న" అని రాయడం కూడా మానేశాం. ఎవరి రేపు, ఎక్కడి పొద్దున్న?

అన్నిటికన్నా నాకు కష్టమైంది తెలుగు సంగతి. ఆఫీసులో నలుగురు తెలుగువాళ్ళం చేరితే తెలుగే వస్తుంది, రాకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. మా మేనేజరు ఒకరు "ఆఫీసులో ఇంగ్లీషు మాత్రమే" అని రూలు పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కుర్రాళ్ళు తమకి అర్థంకానిది అర్థంకాలేదని చెప్పేది తెలుగులోనే. ఇంగ్లీషులో అడిగితే "యెస్, క్లియర్" అంటారు. ఆ దారి మూసేస్తే ఇంకా ప్రమాదం. కాబట్టి మాట తెలుగులోనే సాగుతుంది, తేలిన నిర్ణయం మాత్రం అదేరోజు ఇంగ్లీషులో పేజీ ఎక్కుతుంది. మనం గలగలా నవ్వుకుంటూ మాట్లాడేది ఏమిటో తెలియక పక్కన కూర్చున్న మనిషికి ఎలా ఉంటుందో, నేను ఒక చైనీయుల జట్టులో ఆర్నెల్లు పనిచేశాకే తెలిసింది. అది వేరే కథ.

ఇహ స్లాక్ మంచిదా, టీమ్స్ మంచిదా అని నన్ను అడిగేవాళ్ళకి నా జవాబు: మీ కంపెనీ ఏది కొనిస్తే అదే. మేము ఇప్పటికి మూడు మార్చాం. పై పేజీని మూడుసార్లు కాపీ చేసుకోవడం తప్ప వేరే తేడా ఏమీ కనబడలేదు.

పోయిన నెల ఒక మంగళవారం అర్ధరాత్రి దాటాక జట్టు మొత్తానికి ఒక మెసేజ్ వచ్చింది. పంపినది హైదరాబాదులో మూడు వారాల క్రితం చేరిన అమ్మాయి. "రాత్రి ఫైలు వరసలు: నిన్న 4,118. ఇవాళ 11,962. కారణం తెలియదు." బొబ్బిలి కుర్రాడు ఇప్పుడు అక్కడ లీడ్, వాడే చూశాడు. సోమవారం ఇక్కడ బ్యాంకులకి సెలవు కావడంతో మూడురోజుల చెల్లింపులు కలిసి వచ్చాయంతే. అదే మాట కింద రాసి, "అంకెలతో పంపినందుకు థ్యాంక్స్ అమ్మా, సెలవుల జాబితా ఫలానా పేజీలో ఉంది" అని జోడించాడు. నేను పొద్దున్న లేచి చదువుకుని, కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళాను.